కాటా తరుగు, మోకాళ్ల బల్ల

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కతోలికుల ఇంటి పిల్లాడికి బాప్టిస్టుల ఇంటి పిల్లనివ్వడం ఇవాళ వింతేమీ కాదు. పెళ్లి ఏ గుళ్లో జరగాలన్న తగువు రెండు పూటల్లో తేలిపోతుంది. పాపం ఎవరి ముందు ఒప్పుకోవాలన్న తగువు మాత్రం మనవలు పుట్టినా తేలదు. ఇక్కడి బావ ఫిరంగిపురం దాపున ఒక పల్లెలో ఉపదేశి. అంతకుముందు గుంటూరు మిర్చి యార్డులో, ఒక కమీషన్ కొట్లో పద్దులు రాసేవాడు. బామ్మర్ది ఒంగోలులో స్కూలు మాస్టారు, వాళ్ల సంఘంలో డీకన్ కూడా. తపస్సుకాలం చివరికొస్తోంది. బామ్మర్దికి అక్క, బావకు ఇల్లాలు, వంటింట్లో ఉంది గానీ వినపడనంత దూరంలో ఏమీ లేదు. నాది లూథరన్ ఇల్లు కాబట్టి ఇద్దరూ నన్ను తమ వైపు లాగాలని చూస్తారు. ఒకటి రెండు చోట్ల నేనూ ఊరుకోలేకపోయాను.

బామ్మర్ది: వాకిట్లో ఆ పిల్లల చేత ఏం వల్లె వేయిస్తున్నావు బావా? నువ్వు ఆజ్ఞ తర్వాత ఆజ్ఞ అడుగుతున్నావు, వాళ్లేమో వేళ్లు మడుస్తున్నారు.

బావ: ఆత్మశోధన. వచ్చే శనివారం మొదటి పాపసంకీర్తనం, పండక్కి మొదటి సత్ప్రసాదం. ఏం చెప్పాలో తెలియకుండా పంపితే మోకాళ్లూని ఫాదర్ గారి మొహం చూసి బిక్కచచ్చిపోతారు.

బామ్మర్ది: అంటే ఎనిమిదేళ్ల పిల్లాడికి పాపాల జాబితా నువ్వే అందిస్తున్నావన్నమాట.

బావ: అందించకపోయినా వాళ్లే తయారుచేసుకుంటారు. పోయినేడు, చెప్పడం ఎలాగో నేర్పుతూ ‘ఊరికే ఒకటి చెప్పి చూడండ్రా’ అన్నాను. ముందువాడు ‘చింతకాయలు దొంగిలించాను’ అన్నాడు. వెనకున్న వాళ్లందరూ చింతకాయలే. ఊరి మొత్తానికి చింతచెట్టు ఒక్కటి. ఆ ఏడు దానికి కాపే లేదు.

బామ్మర్ది: చూశావా? చేయని పాపం చెప్పించి వాళ్ల చేత తొమ్మిదో ఆజ్ఞ మీరించావు.

బావ: ఎనిమిదోది.

బామ్మర్ది: అబద్ధ సాక్ష్యం తొమ్మిదోది బావా. 

(ఇద్దరిదీ ఒప్పే. విగ్రహాల మాటను కతోలికులు మొదటి ఆజ్ఞలోనే కలుపుకుంటారు, బాప్టిస్టులు రెండోదిగా లెక్కపెడతారు. అక్కడ తేడా వచ్చిన అంకె చివరిదాకా నడుస్తుంది. మా లూథరన్లం ఈ ఒక్క విషయంలో బావ పక్షం.)

బామ్మర్ది: అంకె పోనీ. నా ప్రశ్న అది కాదు. యోహాను మొదటి పత్రిక చూడు, మన పాపాలు ఒప్పుకుంటే క్షమించడానికి ఆయన నమ్మదగినవాడని ఉంది. ఒప్పుకునేది ఆయన దగ్గర, క్షమించేది ఆయన. మధ్యలో ఫాదర్ గారు దేనికి?

బావ: అదే యోహాను సువార్త చివర చదువు. యేసు లేచిన నాటి సాయంత్రం, తలుపులు మూసుకుని భయపడుతూ కూర్చున్న వాళ్ల మీద ఊది, మీరు క్షమించినవి క్షమించబడతాయని అధికారం ఎవరికిచ్చాడు?

బామ్మర్ది: శిష్యులకు. అంటే సంఘమంతటికీ. అంగీ తొడిగినవాళ్లకే అని అక్కడ లేదు.

బావ: ఈ వాదన మన తాతల నాడూ తెగలేదు, ఇవాళ భోజనంలోపల తెగేదీ కాదు. వచనాలు వదిలెయ్. మీ పద్ధతిలో నువ్వు పాపం ఒప్పుకునేది ఎప్పుడో చెప్పు.

బామ్మర్ది: రోజూ రాత్రి. నెలకోసారి బల్ల ముందు మరీ ముఖ్యంగా. ‘ఎవరిని వారు పరీక్షించుకోండి’ అంటారు పాస్టర్ గారు. సంఘమంతా తలలు వంచుతుంది.

బావ: ఎంతసేపు?

బామ్మర్ది: నిమిషం. రెండు నిమిషాలు.

బావ: ఆ రెండు నిమిషాల్లో రొట్టె పళ్లెం ఏ వరస నుంచి మొదలవుతుందో కూడా చూసుకోవాలి కదా. నేను ఎగతాళికి అనడం లేదు. మా దగ్గర కూడా పూజ మొదట్లో అందరం కలిసి రొమ్ము తట్టుకుంటూ పాపినని చెప్పుకుంటాం. అది చెప్పడం చాలా సుఖం. ‘నేను పాపిని’ అనడానికి ఎవడికి సిగ్గు? పక్కవాడూ పాపే. ‘పోయిన మంగళవారం ఫలానా మనిషిని ఫలానా విధంగా మోసం చేశాను’ అనడానికి నోరు రాదు. మా సిద్ధపాటంతా ఆ రెండో వాక్యం కోసం. 

బామ్మర్ది: దేవుడికి ఆ ఫలానా మనిషి ఎవరో తెలియదా?

బావ: ఆయనకు తెలుసు. నీకు తెలుసా అని. దావీదు కంటే బాగా ప్రార్థన చేసినవాణ్ణి చూపించు. ఊరియా భార్యను తెచ్చుకున్నాడు, ఊరియాను యుద్ధంలో ముందు నిలబెట్టి చంపించాడు, బిడ్డ కూడా పుట్టాడు. అన్ని నెలలూ ఆ మనిషి ప్రార్థన మానేశాడంటావా? వీణ పక్కన పడేశాడంటావా? ప్రవక్త నాతాను వచ్చి గొర్రెపిల్ల కథ చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. కథలో ధనవంతుడి మీద మండిపడ్డాడు కూడా! మీరు ప్రతి ఉపవాస ప్రార్థనలోనూ చదివే 51వ కీర్తన తలమీద ఏం రాసుందో చూడు, నాతాను వచ్చిన తర్వాత అని ఉంటుంది.

బామ్మర్ది: మంచి చోటికే తీసుకొచ్చావు. నాతాను ఎక్కడ కూర్చున్నాడు బావా? శనివారం నాలుగు నుంచి ఆరు దాకా పాపసంకీర్తనపు పెట్టెలో కూర్చుని రాజు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూశాడా? లేచి రాజమందిరానికి పోయాడు. దావీదు చేసింది ఆయనకు ముందే తెలుసు. మీ ఫాదర్ గారికి ఏమీ తెలియదు. వచ్చినవాడు ఏది చెబితే అది వింటారు. ఏది చెప్పాలో, ఏది మింగాలో ఇంట్లోనే తేల్చుకుని వచ్చినవాడికి నాతాను ఏం చేస్తాడు?

(బావ కాసేపు తడుముకున్నాడు. ఈ మధ్య నేను విన్న వాదనల్లో ఇది గట్టిది. ఒంగోలు మాస్టారు దీన్ని ఎప్పటినుంచో జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టుంది.)

బావ: తెలిసి దాచిపెడితే ఆ పాపసంకీర్తనం మొత్తం చెల్లదు. దాచినదానికి తోడు ఇంకో పాపం. అది పిల్లలకు మొదట చెప్పేది.

బామ్మర్ది: చెల్లదని ఎవరికి తెలుస్తుంది?

బావ: దాచినవాడికి.

బామ్మర్ది: అంటే చివరికి వాడూ, వాడి మనసూ, దేవుడూ. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదేగా! ఇంకోటి అడుగుతా. మొదటి శతాబ్దాల్లో ఈ చెవిలో చెప్పుకోవడం ఉందా?

బావ: లేదు. ఉన్నదేమిటో కూడా చెప్పు మరి. విగ్రహాలకు మొక్కినా, హత్య చేసినా, వ్యభిచరించినా సంఘం ఎదుట పశ్చాత్తాపుల వరసలో నిలబడాలి. గోనెపట్ట, బూడిద. ఏళ్ల తరబడి సత్ప్రసాదం లేదు. అదీ జ్ఞానస్నానం తర్వాత జీవితంలో ఒక్కసారే. రెండోసారి పడిపోతే దేవుడి దయ, అంతే. అందుకే జనం ఆ ఒక్క అవకాశాన్ని చావుమంచం దాకా వాయిదా వేసేవారు. 390లో థెస్సలొనీకలో వేలమందిని ఊచకోత కోయించినందుకు థియొడొసియస్ చక్రవర్తికి మిలాన్ బిషప్పు అంబ్రోసు సత్ప్రసాదం ఇవ్వనన్నాడు. చక్రవర్తి రాజచిహ్నాలు తీసి పక్కన పెట్టి క్రిస్మస్ దాకా పశ్చాత్తాపిగా ఉన్నాడు. అంత బహిరంగం నీకు కావాలా? ఆ మోత మోయలేకనే ఐర్లండు సన్యాసులు ఆరో శతాబ్దం నుంచి చాటుగా, ఎన్నిసార్లయినా చెప్పుకునే పద్ధతి తెచ్చారు. 589లో టొలెడో సభ అది తప్పని ఖండించింది కూడా. అయినా గెలిచింది అదే. ఎందుకంటే మనిషి ఒక్కసారి పడి ఊరుకోడు.

బామ్మర్ది: గెలిచాక 1215లో లాటరన్ సభ దాన్ని శాసనం చేసింది. ఏడాదికి ఒక్కసారైనా సొంత గురువు దగ్గర చెప్పి తీరాలి, లేకపోతే గుడి గడప తొక్కనివ్వరు, చచ్చాక సమాధి కూడా దొరకదు. పశ్చాత్తాపానికి గడువు పెట్టారు, కరెంటు బిల్లుకు పెట్టినట్టు.

బావ: గడువు లేకపోతే నువ్వు కరెంటు బిల్లు కడతావా?

(అక్కయ్య లోపల్నించి నవ్వింది. ఆ బిల్లు ఇద్దరి ఇళ్లలోనూ కట్టేది ఆడవాళ్లే.)

బావ: అదే శాసనంలో రెండో సగం చదవవు నువ్వు. విన్నది బయటపెట్టిన గురువును పదవిలోంచి తీసేసి, బతికినన్నాళ్లూ మఠంలో ప్రాయశ్చిత్తంలో ఉంచాలని ఉంది. ఇప్పటి చట్టంలోనూ, సూటిగా బయటపెట్టిన గురువుకు ఆ క్షణమే వెలి. మాటతోనే కాదు, సైగతో చెప్పినా.

బామ్మర్ది: చట్టం ఉంది. 2018లో కేరళలో ఏం బయటపడింది? అక్కడి ఒక ఆర్థడాక్సు సంఘంలో, ఒక స్త్రీ పాపసంకీర్తనంలో చెప్పుకున్నదాన్ని పట్టుకుని గురువులే ఆమెను బెదిరించి లోబరుచుకున్నారని ఆరోపణ వచ్చింది. ఆ ఏడాదే జాతీయ మహిళా కమిషన్ ఈ పద్ధతినే ఎత్తేయమని సిఫారసు చేసింది. నువ్వు నాకు వేదాంతం చెబుతావు, నేను నా కూతురి గురించి ఆలోచిస్తాను. ఒక ఆడపిల్ల మోకాళ్ల మీద, ఒక మగవాడు కుర్చీలో. ఆమె లోపలి గుట్టంతా అతని చెవిలో. అతను మంచివాడైతే సరే. కాకపోతే?

బావ: దానికి నా దగ్గర సమర్థన లేదు. అది నిజమైతే చేసినవాణ్ణి జైల్లో పెట్టాల్సిందే. ఆ భయం మా పెద్దలకు లేదనుకోకు. ఆ జాలీ ఉన్న చెక్కపెట్టె ఎందుకొచ్చింది? పదహారో శతాబ్దంలో మిలాన్‌లో చార్లెస్ బొర్రోమెయో దాన్ని పట్టుబట్టి పెట్టించాడు, ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. గురువుకూ ఆమెకూ మధ్య గోడ ఉండాలని, అదీ గుళ్లో అందరికీ కనపడే చోట ఉండాలని. ఇవాళ చాలా పల్లెల్లో ఆ పెట్టె మూలపడింది, కుర్చీ పక్కన కుర్చీ వేస్తున్నారు. నన్నడిగితే ఆ జాలీ ఉండాలి. నా మాట ఎవరూ వినరనుకో.

బామ్మర్ది: జాలీ కాదు, అసలు ఆ అధికారమే...

బావ: అధికారం లేని చోట ఇది జరగదంటావా? మీ పాస్టర్ గార్ల దగ్గర ‘కౌన్సెలింగు’కు ఎంతమంది పోవడం లేదు? అక్కడ రహస్యానికి చట్టం కూడా లేదు. బుధవారం చెప్పుకున్నది ఆదివారం ప్రసంగంలో పేరు తీసేసి వినపడుతుంది. పేరు తీసేసినా ఊరికి తెలుస్తుంది.

(బామ్మర్ది కాదనలేదు. ఔననీ అనలేదు.)

బావ: ఇక మీ సాక్ష్యాలు. మైకు పట్టుకుని ‘నేను తాగుబోతుని, పేకాటరాయుణ్ణి, ప్రభువు నన్ను లేవనెత్తాడు’ అంటారు. నువ్వూ చెబుతావు, కన్నీళ్లు పెట్టుకునేట్టు చెబుతావు. నేను విన్నాను. అది పాపసంకీర్తనం కాక మరేమిటి, మైకు ఉందనే కానీ? ఒక్క తేడా. మీ సాక్ష్యాల్లో పాపాలన్నీ పాతికేళ్ల కిందటివే. రక్షణ పొందిన తేదీ తర్వాత ఒక్కటీ ఉండదు. రక్షణ పొందిన డీకన్ పోయిన నెల ఏం చేశాడో ఒక్క కూడికలోనైనా ఎవరైనా చెప్పారా?

బామ్మర్ది: ఆ దెబ్బ ఒప్పుకుంటా. మా వాళ్లకు పాపం ‘మునుపు’లో ఉంటుంది. కానీ మా మూలం అది కాదు బావా. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు...

బావ: ఒక్కరోజు! ఒక్కొక్కడి ఆత్మశోధనకు ఎన్ని సెకన్లు పట్టింది?

బామ్మర్ది: అడుగుతావని తెలుసు. ఆ నీళ్లలో దిగడానికి ముందు ఏడాదికి పైగా మిషనరీ క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ధాత కరువు కాలం. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పెట్టించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతుంటే, కూటి కోసం అడుగుతున్నారేమోనని ఆపాడు. పని అయిపోయి, కూలి అయిపోయి, ఇక ఆయన దగ్గర ఇవ్వడానికేమీ లేదన్నాక కూడా వచ్చినవాళ్లనే తీసుకున్నారు. అదీ ఏ పల్లెవాళ్లను ఆ పల్లె బోధకుడు ఎరిగి ఉండాలి. చచ్చిన గొడ్డు మాంసం మానాడా, ఆదివారం పని మానాడా, విగ్రహాలకు మొక్కడం మానాడా? చెవిలో చెప్పింది కాదు లెక్క, ఊరు చూసింది లెక్క. మాకు పశ్చాత్తాపం అంటే అది. ఆదివారం పనిలోకి రాననీ, చచ్చిన గొడ్డును ఎత్తననీ మాల మాదిగ పల్లెలు అన్నందుకు రైతులు ఏం చేశారో, ఎన్ని బావుల దగ్గర కొట్టారో నీకు చెప్పక్కర్లేదు. అంత ఖరీదు పెట్టి మారినవాడికి నాలుగు మంగళవార్త జపాల ప్రాయశ్చిత్తం నవ్వులాటగా ఉంటుంది బావా.

(ఇక్కడ బావ తల వంచాడు. ఆయన తాతలదీ అలాంటి పల్లే. వాళ్లు మిల్‌హిల్ ఫాదర్ల కాలంలో కతోలికులయ్యారు.)

బావ: ఆ ఖరీదు ఎవరూ కాదనరు. నేననేది, ఆ ఖరీదు ఒక తరం పెట్టింది. దాని మీద వచ్చే వడ్డీతో ఎన్ని తరాలు బతుకుతాం? నువ్వు పుట్టేసరికే మీ ఇంట్లో చచ్చిన గొడ్డు లేదు, విగ్రహం లేదు. నువ్వేం మానావు?

బామ్మర్ది: పేకాట.

బావ: సరే, పేకాట. ఆ తర్వాత?

ఇక్కడ నేను కల్పించుకున్నాను. మీరిద్దరూ పంచుకున్న ఈ రెండు గట్లకూ మధ్య ఒక దారి ఉందని చెప్పాను. లూథరు 1517లో రాసిన మొదటి సిద్ధాంతమే విశ్వాసి బతుకంతా పశ్చాత్తాపంగా సాగాలని. అయినా ఆయన చెవిలో చెప్పుకోవడాన్ని పారేయలేదు. 1530 నాటి ఆగ్స్‌బర్గు ఒప్పుకోలు పదకొండో అధికరణంలో, వ్యక్తిగతంగా క్షమాపణ ప్రకటించడాన్ని సంఘాల్లో ఉంచాలనీ, అన్ని పాపాలూ లెక్కపెట్టి చెప్పాల్సిన పని మాత్రం లేదనీ ఉంది. మా గుంటూరు సంఘాల్లో ఇప్పుడు మిగిలింది ఆరాధన మొదట్లో అందరం కలిసి చదివే ఒప్పుకోలు. మిగతాది పుస్తకంలో ఉంది.

బామ్మర్ది: లెక్కపెట్టొద్దని ఎందుకన్నాడు? తనమీద పడింది కనుక. సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి తన గురువు స్టౌపిట్జ్ దగ్గర కూర్చుని చెప్పేవాడు. లేచి నాలుగడుగులు వేస్తే ఇంకోటి గుర్తొచ్చేది. జాబితా అంతు లేనిది బావా. ఎంత సిద్ధపడితే అంత పెరుగుతుంది.

బావ: ఆ రోగం మా వాళ్లకూ తెలుసు. 1522లో మన్రేసాలో ఇగ్నేషియస్ లొయోలాకు అదే పట్టింది. చెప్పినదాన్నే మళ్లీ మళ్లీ చెప్పాడు. ఒక దశలో చావాలనిపించింది. గడిచినవి, మరీ స్పష్టంగా గుర్తున్నవి తప్ప తవ్వొద్దని గురువు ఆపాడు. ఆ తర్వాత అదే మనిషి, రోజుకు రెండుసార్లు ఆత్మశోధన ఎలా చేసుకోవాలో గీతలు గీసి, చుక్కలు పెట్టి నేర్పాడు. అన్ని పాపాలూ కాదు, ఒక్కదాన్ని పట్టుకో. ఇవాళ ఉదయం ఎన్నిసార్లు, సాయంత్రం ఎన్నిసార్లు, నిన్నటికంటే తగ్గిందా? అంతే. నిజంగా మరిచిపోయింది చెప్పినవాటితో పాటే క్షమించబడుతుంది. అది మా బోధే. పిల్లలకు నేను ఆజ్ఞల వరస చెబుతాను, వాళ్లకు అదే పట్టు దొరికేది. నాకు నేను మాత్రం ఆజ్ఞలతో మొదలుపెట్టను. ఇంట్లోవాళ్లు, వీధిలోవాళ్లు, నాతో లెక్కలున్నవాళ్లు. ఒక్కొక్క మొహం తెచ్చుకుంటాను. ఏ మొహం దగ్గర చూపు పక్కకు పోతుందో అక్కడ ఆగుతాను. 

బామ్మర్ది: బాగుంది. ఆగి? శనివారం పోయి ఫాదర్ గారికి చెబుతావు. ఆ మొహం ఉన్న మనిషికి ఎప్పుడు చెబుతావు? మత్తయి ఐదో అధ్యాయంలో అర్పణ బలిపీఠం ముందు వదిలేసి ముందు సహోదరుడి దగ్గరికి పొమ్మన్నాడు, గురువు దగ్గరికి కాదు. నేను మనిషికి చెప్పొద్దనడం లేదు. జర్మనీలో బోన్‌హోఫర్, హిట్లరు రోజుల్లో, ఫింకెన్‌వాల్డెలో పాస్టర్ల బడి నడిపాడు. ఒక సహోదరుడి దగ్గర పాపం ఒప్పుకునే అలవాటు అక్కడ తెచ్చాడు. ఆ బడిని 1937లో గెస్టపో మూయించింది. ఒంటరిగా దేవుడికి చెప్పుకున్నప్పుడు మనల్ని మనమే క్షమించుకుంటున్నామేమో అని ఆయనకూ అనుమానమే. అక్కడిదాకా నీతో ఉన్నాను. కానీ ఆ సహోదరుడు ఎవరైనా కావచ్చు.

బావ: మీ సంఘంలో అలా ఎవరు ఎవరికి చెప్పుకుంటున్నారు?

బామ్మర్ది: ఎవరూ లేరు.

బావ: ఎవరైనా కావచ్చంటే అదే జరుగుతుంది. సరే, మొహం సంగతి అడిగావు. ఒకటి చెబుతా విను. నాకు తెలిసిన గుమాస్తా ఒకడున్నాడు, యార్డులో. మిర్చి టిక్కీలు కాటా మీదికి వస్తాయి. గోతం బరువు తీసేసి చిట్టాలో రాయాలి. గోతం బరువుకు పైన ఇంకో అరకిలో తీసేసి రాసేవాడు. రైతు కాటా వైపే చూస్తుంటాడు, రాసే చేతిని చూడడు. చూసినా రాత్రంతా లారీ మీద వచ్చి నిద్రలేక ఉంటాడు. అరకిలో అంటే ఏముంది, గుప్పెడు కాయలు. రోజుకు ఎన్ని వందల టిక్కీలు, సీజన్‌కు ఎన్ని రోజులు? కొట్టు యజమాని ఆ తరుగులో గుమాస్తాకు వాటా ఇచ్చేవాడు. అది దొంగతనమని వాడికి పదేళ్లు తోచలేదు. యార్డు మామూలు అనుకున్నాడు. ప్రతి ఏడూ తపస్సుకాలంలో పాపసంకీర్తనానికి పోయేవాడు. కోపం, అబద్ధం, ఆదివారం పూజ మానడం, అవే చెప్పేవాడు.

బామ్మర్ది: నేననుకున్నదే. జాబితాలో కాటా లేదు.

బావ: లేదు. ఒక వడకంలో, అంటే ధ్యానాల రోజుల్లో, కొత్త ఫాదర్ గారు ఒకాయన, ‘నీ పనేమిటి?’ అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నే. ‘యార్డులో గుమాస్తాను’. ‘తూకం ఎలా ఉంటుంది?’

బామ్మర్ది: ఇది నీకెలా తెలుసు? రహస్యం అన్నావు.

బావ: రహస్యం విన్నవారికి. చెప్పుకున్నవాడికి కాదు. వాడే చెప్పాడు. ఫాదర్ గారు జపాలేమీ చెప్పలేదు. తిన్నది తిరిగివ్వకుండా క్షమాపణ అడగడం కుదరదన్నారు. యజమాని సంగతి యజమాని చూసుకోవాలి, నీ వాటా నువ్వు లెక్కగట్టు, చిట్టాల్లో పేర్లున్న రైతుల్లో దొరికినవాళ్లకు నువ్వే పోయి ఇవ్వు, దొరకనివాళ్లది పేదలకు పెట్టు, నీ దగ్గర మాత్రం ఉంచుకోకు అన్నారు. ఇది ఆయన కల్పన కాదు, పాతకాలం నుంచి ఉన్న బోధే. వాడు పోయాడు. మేడికొండూరు వైపు కొందరు, సత్తెనపల్లి వైపు కొందరు దొరికారు. ఒకాయన డబ్బు తీసుకుని తిట్టాడు. ఒకాయన ‘ఇంకెవరెవరు తిన్నారో చెప్పు’ అని పట్టుకున్నాడు. ఒకాయన లెక్కపెట్టుకుని, ‘ఇది అప్పుడుంటే మందుల కొట్లో బాకీ తీరేది’ అన్నాడు. అంతే అన్నాడు.

బామ్మర్ది: ఆ మాటకు ఏ గురువూ క్షమాపణ చెప్పలేడు బావా.

బావ: చెప్పలేడు. కానీ వాణ్ణి ఆ గడపదాకా పంపింది ఎవరు? సూటిగా దేవుడికే చెప్పుకునేవాడైతే ఆ తూకం సంగతి వాడి ప్రార్థనలోకి ఇంకో పదేళ్లకైనా వచ్చేదా?

బామ్మర్ది: ముందున్న పదేళ్లలో విన్న ఫాదర్లు ఎందుకడగలేదు? పదిసార్లు పరలోక జపం చెప్పించి పంపారు. ఒక్క మనిషి అడిగాడు. అది పద్ధతి గొప్పా, ఆ మనిషి గొప్పా?

బావ: ...ఆ మనిషి. కానీ అడగడానికి ఆ మనిషికి చోటిచ్చింది పద్ధతి.

బామ్మర్ది: అక్కడ నువ్వు కొంత గెలిచావు, నేను కొంత గెలిచాను. ఆ గుమాస్తా అంత డబ్బు ఎక్కడ తెచ్చాడు? వాటా ఎప్పుడో ఖర్చయి ఉంటుంది కదా?

అక్క: ఆ గుమాస్తా పెళ్లాం గాజులు పోయాయిరా ఆ ఏడు. నాలుగు. అమ్మ పెట్టినవి.

(ఆమె ఎప్పుడు గుమ్మంలోకి వచ్చిందో మేం చూడలేదు. చేతిలో గరిటె ఉంది. బామ్మర్ది బావ మొహం చూశాడు, తర్వాత అక్క చేతులు చూశాడు.)

బామ్మర్ది: అమ్మవా? తాకట్టు పెట్టారు, విడిపిస్తాం అన్నారు కదా అప్పట్లో. ఎందుకో నీకు చెప్పే తీసుకున్నాడా?

అక్క: ఫాదర్ గారికి చెప్పాడు. ఊరూరా తిరిగి రైతులకు చెప్పాడు. నాకు గాజులు తియ్యమని చెప్పాడు. ఎందుకో రెండేళ్ల తర్వాత, వడ్డించేటప్పుడు, వేరే మాట మధ్యలో చెప్పాడు.

బావ: నీకు తెలిస్తే బాధపడతావని...

అక్క: ఏ మొహం దగ్గర చూపు పక్కకు పోతుందో అక్కడ ఆగుతానంటివి. ఇందాక విన్నానులే.

బామ్మర్ది: చూశావా బావా! నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే. నష్టపోయిన మనిషి ముందు ఒప్పుకోవాలి. మిగతాదంతా...

అక్క: నువ్వు ఆగరా. మైకు పట్టుకుని పేకాట సాక్ష్యం చెబుతావే. ఒంగోలులో నా ఇంటరు ఫీజు కట్టమని నాన్న నీ చేతికి డబ్బులిస్తే ఏ బల్ల మీద పెట్టావు? ఆ ఏడు నా చదువు ఆగిపోయింది. నీ సాక్ష్యం మూడుసార్లు విన్నాను. పేకముక్కలు వస్తాయి, సారా వస్తుంది, వానలో రోడ్డు పక్కన పడిపోవడం వస్తుంది. నా ఫీజు ఒక్కసారీ రాలేదు.

బామ్మర్ది: అవన్నీ ప్రభువు క్షమించేశాడక్కా.

అక్క: ఆయన క్షమించాడు, సంతోషం. ఆ డబ్బులు ఆయనవి కావు కదరా.